పుట్టనివాళ్ల లెక్క

1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841లో 5 లక్షల 61 వేలు. ఈస్టిండియా కంపెనీ దఫ్తరాల్లోంచి గెజిటీర్లలోకి ఎక్కిన అంకెలివి. ఒకే తేదీకి కట్టుబడి ఇల్లిల్లూ తిరిగే జనగణన అప్పటికింకా మన దేశానికి రాలేదు కాబట్టి చివరి వందల దగ్గర పేచీ పెట్టుకోనక్కర్లేదు. ఇరవై ఏళ్లలో ప్రతి నూరుమందికి ఇరవై నలుగురు లేకుండా పోయారు. అంతవరకు చాలు.

ఇది ఏడాదికి ఎంత? 24ని 20తో భాగించి 1.2 శాతం అనేస్తాం మామూలుగా. అది సరికాదు. రెండో ఏడు తగ్గేది మొదటి ఏడు మిగిలినవాళ్లలోంచి, మూడో ఏడు తగ్గేది ఆ మిగిలినవాళ్లలో మిగిలినవాళ్లలోంచి. చక్రవడ్డీ లెక్కే ఇది, తలకిందులుగా. ఇరవైసార్లు వేసి గుణిస్తే 0.76 వచ్చే సంఖ్య ఏదో పట్టుకోవాలి. అది 0.9864. అంటే ఏటా నూటికి 1.36 చొప్పున తరుగు. పెరుగుదలకీ సూత్రం ఇదే, గుర్తు ఒక్కటే మారుతుంది. ఇంకో చిట్కా కూడా ఉంది: 70ని ఈ శాతంతో భాగిస్తే జనాభా రెట్టింపు కావడానికో, సగం కావడానికో పట్టే ఏళ్లు వస్తాయి. (మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు, జనాభా లెక్కలో రెండు శాతమంటే ఏడాదికి. అయినా ఆ కాస్త రెండూ ముప్ఫై అయిదేళ్లలో ఒక ఊరిని రెండూళ్లు చేసేస్తాయి.) 70ని 1.36తో భాగిస్తే 51. అదే వరస సాగి ఉంటే 1892 నాటికి రాజమండ్రి జిల్లాలో సగం మందే మిగలాలి.

అలా జరగలేదు. 1844లో కంపెనీ అధికారి మాంట్‌గోమరీ ఆ జిల్లా దుస్థితి మీద నివేదిక రాశాడు. ఆర్థర్ కాటన్ నీళ్ల గురించి రాశాడు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. తర్వాత జిల్లా హద్దులు మారాయి కాబట్టి అంకెకు అంకె పెట్టి పోల్చలేం గాని, ఆ శతాబ్దం ముగిసేసరికి గోదావరి డెల్టా మద్రాసు ప్రెసిడెన్సీలో జనం ఒత్తుగా ఉన్న చోట్లలో ఒకటి. సూత్రంలో లోపమేమీ లేదు, గుణకారం సరిగ్గానే ఉంది. రేపటి మనిషి కూడా నిన్నటి మనిషిలాగే కంటాడని, బతుకుతాడని, చస్తాడని సూత్రం అనుకుంటుంది. ఆ అనుకోవడం గణితంలోది కాదు. ఎవరో బయటినుంచి తెచ్చి అందులో పెట్టింది.

ఆ 1.36 దగ్గర ఇంకాస్సేపు ఆగాలనిపిస్తుంది నాకు. జనం ఏటా సన్నగా, సమంగా అరిగిపోయినట్టు చెబుతుందది. నిజానికి ఏ ఏడూ అలా గడవలేదు. 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలో 5 లక్షల జనంలో కనీసం లక్షన్నర మంది పోయారని అప్పటివాళ్ల అంచనా. గోదావరి ప్రాంతంలో కరువుకు తోడు నేతబట్టకు విదేశీ గిరాకీ పడిపోయింది, చెరువులూ కాలువలూ పట్టించుకునే నాథుడు లేక పూడిపోయాయి, పొట్ట చేతబట్టుకుని ఊళ్లు వదిలినవాళ్లున్నారు. ఇదంతా ఇరవై సమాన భాగాలు చేసి పంచేస్తుంది సగటు. నందన సంవత్సరంలో బిడ్డను పాతిపెట్టిన తల్లి దుఃఖంలో ఇరవయ్యో వంతు, మామూలుగా గడిచిన ఏదో ఒక ఏడాది ఖాతాలో పడుతుంది.

అయితే లెక్కను తిట్టి ఊరుకోవడం సులువు. ఆ లెక్కే లేకపోతే ఆ తల్లికి ఏ ఖాతా లేదు. జనం తగ్గారని, శిస్తు తగ్గిందని కాగితం మీద కనబడకపోతే కంపెనీ కదిలేదే కాదు. కదిలించింది జనం తరుగు కంటే శిస్తు తరుగే అని నా అనుమానం, అది వేరే సంగతి.

దేశం మొత్తం మీద ఇలాంటి అంకె 1921లో దొరుకుతుంది. 1911లో 25 కోట్ల 21 లక్షలు, 1921లో 25 కోట్ల 13 లక్షలు. పదేళ్లకు తరుగు 0.31 శాతం. జనాభా శాస్త్రజ్ఞులు 1921ని పెద్ద మలుపుగా చెబుతారు. ఆ తర్వాత ఏ జనగణనలోనూ దేశ జనాభా తగ్గలేదు. సున్నాకు ఆనుకుని ఉన్న ఆ చిన్న అంకె కింద 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఉంది, కోటికి పైగా చావులున్నాయి. వలసలు పక్కన పెడితే వృద్ధి రేటు అంటే తీసివేతే కదా, పుట్టినవాళ్లలోంచి పోయినవాళ్లను తీస్తే మిగిలేది. కోటిమంది పుట్టి కోటిమంది పోయినా సున్నాయే, ఎవరూ పుట్టక ఎవరూ పోకపోయినా సున్నాయే. ఈ రెండు సున్నాలూ గణితానికి ఒకటే.

ఈ లెక్క వేసినవాళ్లు మొదటినుంచీ ఏదో ఒకటి మనసులో పెట్టుకునే వేశారు. 1748లో గణితవేత్త ఆయిలర్ లోగరిథమ్‌లు నేర్పుతూ ఒక ఉదాహరణ ఇచ్చాడు. బైబిలు జలప్రళయం తర్వాత ఆరుగురితో మళ్లీ మొదలైన మానవజాతి 200 ఏళ్లలో 10 లక్షలు కావాలంటే ఏటా ఎంత పెరగాలి? పదహారో వంతు అని తేల్చాడు, అంటే 6.25 శాతం. అదేమంత అసాధ్యం కాదు కాబట్టి లేఖనాన్ని శంకించేవాళ్ల వాదన నవ్వులాట అన్నాడు. ప్రపంచ జనాభా ఎన్నడూ లేనంత వేగంగా పెరిగిన 1960లలో కూడా రేటు 2 శాతం పైచిలుకే. ఆయిలర్ అంతటివాడికి గుణకారం తెలియక కాదు. ఆయనకు కావలసిన జవాబు ముందే ఉంది, దానికి సరిపడే రేటు వెతికాడు.

సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1798లో, మాల్థస్ అదే గుణకారాన్ని భయానికి వాడాడు. అమెరికాలో జనం పాతికేళ్లకు రెట్టింపవుతున్నారు, అడ్డులేకపోతే ఎక్కడైనా అంతే, తిండి మాత్రం మెట్టు మెట్టుగానే పెరుగుతుంది, మిగిలిన తేడాను కరువూ రోగమూ సరిచేస్తాయి అన్నాడు. ఈ మాల్థస్ మనకు దూరపువాడు కాదు. కంపెనీ కొలువుకు ఇండియా రాబోయే కుర్రాళ్ల కోసం ఇంగ్లండులో హెయిలీబరీలో నడిపిన కళాశాలలో 1805 నుంచి 1834లో చనిపోయేదాకా చరిత్ర, అర్థశాస్త్రం చెప్పింది ఆయనే. అంటే గుంటూరు వీధుల్లో శవాలు పడి ఉన్న ఏడాది ఆయన ఇంకా పాఠం చెబుతూనే ఉన్నాడు. ఆయన శిష్యుల్లో ఎవరు ఏ జిల్లాలో ఏం చేశారన్నది ఇక్కడ నా విషయం కాదు. నన్ను పట్టుకున్న సంగతి ఇది: కరువును ‘జనం ఎక్కువై భూమి చేసుకున్న సర్దుబాటు’గా చూడడం నేర్చినవాడికి, నీళ్లు తిప్పితే అదే భూమి ఇంకెంతోమందిని మోస్తుందన్న ఆలోచన రావడానికి లెక్క అడ్డం పడుతుంది. కాటన్ లెక్క వేరేగా వేశాడు. ఆయన ఇంజినీరు. భూమి ఎందరిని మొయ్యగలదనేది భూమి ఒక్కటే చెప్పే జవాబు కాదని ఆనకట్ట తేల్చింది.

1960లో అమెరికాలో ఫోర్‌స్టర్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరు కలిసి రెండు వేల ఏళ్ల జనాభా అంచనాలను ఒక వక్రరేఖ మీద కూర్చారు. అది 2026 నవంబరు 13, శుక్రవారం నాడు అనంతాన్ని తాకింది. సగం చమత్కారంగా రాసిన వ్యాసమే గాని ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. ఆ దశాబ్దం గడవకముందే ప్రపంచ వృద్ధి రేటు దిగడం మొదలైంది.

ఇదీ నన్ను వేధించే ప్రశ్న. జనం ఇంత వేగంతో పెరుగుతున్నారు అన్నది ఒక వార్త. జనం ఇంత వేగంతో పెరగకూడదు అన్నది ఒక ఆజ్ఞ. మొదటిదాన్ని రెండోదిగా మార్చే అధికారం ఏ కూడికలోంచి, ఏ తీసివేతలోంచి వచ్చింది? లెక్క కాగితం మీద ఉన్నంతసేపూ అందులో మనిషి లేడు, వేగమే ఉంది. ఆజ్ఞ అయిన మరుక్షణం అది ఎవరో ఒకరి ఒంటి మీదికి వస్తుంది. ఎవరి ఒంటి మీదికి?

మన రాష్ట్రం లెక్కే తీసుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 1981లో 5 కోట్ల 35 లక్షలు, 1991లో 6 కోట్ల 65 లక్షలు. పదేళ్లలో 24.2 శాతం, అంటే ఏటా సుమారు 2.2. ముప్ఫై రెండేళ్లకు రెట్టింపయ్యే వేగం. 1991లో ఎవరైనా కూర్చుని, ఇదే వేగం సాగుతుందనుకుని 2011కి లెక్క కట్టి ఉంటే 10 కోట్ల 26 లక్షలు వచ్చేది. 2011 జనగణనలో తేలింది 8 కోట్ల 46 లక్షలు. 1991-2001లో పెరుగుదల 14.59 శాతానికి, ఆ పై పదేళ్లలో 10.98 శాతానికి పడిపోయింది. ఇరవై ఏళ్లలో వేగం సగానికి సగమైంది.

తేడా కోటీ ఎనభై లక్షలు. వీళ్లెవరు? వలసల సంగతి అటుంచితే, వాళ్లెక్కడికీ పోలేదు, అసలు రాలేదు. కుటుంబ సంక్షేమ శాఖల గణాంకాల్లో ఇలాంటివాళ్లకు ‘నివారించిన జననాలు’ అనే పద్దు ఉంటుంది. ఆ మాటను చాలా ఏళ్లు మామూలుగానే చదివాను. ఇప్పుడు చదువుతుంటే ఎక్కడో గుచ్చుకుంటుంది. పోయినవాళ్ల కోసం ఏడవొచ్చు, ఉన్నవాళ్లతో పోట్లాడొచ్చు. పుట్టనివాళ్లతో మనకేం బంధం? వాళ్లకు అన్యాయం జరిగిందనలేం, అన్యాయం జరగడానికి ఒక మనిషి ఉండాలి. వాళ్ల వల్ల మనకు మేలు జరిగిందనీ అనలేం, వాళ్లేమీ త్యాగం చెయ్యలేదు. అయినా ఒక తరం పాలకులు ఆ కోటీ ఎనభై లక్షల మందిని మిగిలిన బియ్యంగా, మిగిలిన బడి గదులుగా లెక్క చెప్పుకున్నారు. ఈ తరం వాళ్లు అదే జనాన్ని చేజారిన పార్లమెంటు సీట్లుగా, రేపు ముసలివాళ్లను పోషించడానికి లేని చేతులుగా లెక్క చెబుతున్నారు. పుట్టనివాడు ఎవరు ఏమన్నా కాదనడు. అందుకే రాజకీయానికి వాడంత అనువైన పౌరుడు ఇంకొకడు లేడు.

ఇంతకీ ఆ వేగాన్ని సగం చేసిందెవరు? చదువు అని మనకు అలవాటైన జవాబు ఒకటుంది, కేరళను చూపించి చెబుతాం. ఆంధ్రలో ఆ జవాబు నిలవదు. 1991లో ఇక్కడి ఆడవాళ్లలో అక్షరాస్యులు నూటికి 33 మందైనా లేరు; దేశం సగటు 39. అయినా 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీకి పిల్లల సగటు దేశంలో 3.4 ఉంటే ఆంధ్రలో 2.6. రాయడం రానివాళ్లు ముందు నడిచారు, పుస్తకాలు రాసేవాళ్లు వెనకాల వచ్చి కారణాలు వెతికారు. రెండు రూపాయల కిలో బియ్యం అన్నారు, స్వయం సహాయక సంఘాలన్నారు, ఇంగ్లీషు మీడియం ఫీజులన్నారు, పుట్టిన బిడ్డ దక్కుతుందన్న ధీమా అన్నారు. అన్నీ కొంత నిజమే అయి ఉండాలి.

ఎలా తగ్గిందన్నదానికి మాత్రం వెతుక్కోనక్కర్లేదు. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. మాత్రలు, లూపు, నిరోధ్ అన్నీ కలిపినా సోదిలోకి రావు. దీని వెనక ఒక చరిత్ర ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 82 లక్షల ఆపరేషన్లు చేశారు, వాటిలో అధికభాగం మగవాళ్లకే. ఉత్తరాదిలో ఆ కోపం ఓట్ల పెట్టెల దాకా వచ్చింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాడి జోలికి గట్టిగా పోలేదు. రేటు తగ్గాలి, మగవాడిని ముట్టుకోకూడదు. మిగిలిందెవరు?

ఇక్కడ నేను తేల్చుకోలేని సంగతి ఒకటుంది. రెండో కాన్పు కాగానే, ఇరవైల్లోనే, ‘పిల్లల ఆపరేషన్’ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషిని బాధితురాలు అనడానికి నాకు నోరు రాదు. చాలామంది తమంతట తామే వెళ్లారు. అత్త వద్దన్నా వెళ్లినవాళ్లున్నారు. తల్లి ఆరుసార్లు కని అలిసిపోవడం చూసినవాళ్లకు ఆ ఆపరేషన్ విడుదల. అలాగని అది వాళ్లు ఎంచుకున్నదే అనేసి చేతులు దులుపుకోనూ లేను. ఆగడానికి ఒకే దారి చూపించి, ఆ దారిలో లక్ష్యాలు పెట్టి, ఏఎన్ఎమ్ నర్సు మెడ మీద ఆ లక్ష్యం పెట్టి, ఆనక ఆ దారినే వచ్చింది కాబట్టి ఇష్టపడి వచ్చిందంటే అది ఎంపిక అవుతుందా? ఎంపికకు కనీసం రెండు తలుపులు కావాలి. రెండో తలుపు భర్త వైపుంది. దాన్ని ఎవరూ తట్టలేదు.

ఇప్పుడు ఆజ్ఞ తిరగబడుతోంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రే బహిరంగంగా చెబుతున్నారు. 2019-21 సర్వేలో సంతాన సగటు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8; తరం నిలవాలంటే 2.1 కావాలి. ఈ 1.7 ఎలా వస్తుందో కూడా చూడాలి. ఒక ఏడాదిలో పదిహేనేళ్ల పిల్ల మొదలుకుని నలభై తొమ్మిదేళ్ల ఆవిడ దాకా ఏ వయసువాళ్లు ఎంతమందిని కన్నారో తీసుకుని, ఆ వయసులన్నీ ఒక్క కల్పిత స్త్రీ జీవితంగా కుట్టేస్తారు. ఆమె ఎక్కడా లేదు. కాని ఆమెకు ఇద్దరు లేరని బెంగ పడుతున్నాం. ఇంకో చిత్రం, సగటు 2.1 కిందికి దిగాక కూడా జనాభా కొన్నాళ్లు పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే వెనకటి పెద్ద తరాల పిల్లలు ఇంకా కనే వయసులోనే ఉంటారు. పెరుగుతున్నాం, తరిగిపోతున్నాం అన్న రెండు కేకలూ ఒకే ఏడాది వినిపించినా రెండూ అబద్ధం కానక్కర్లేదు.

సీట్ల భయం వట్టిది కాదు. లోక్‌సభ సీట్లను 1971 లెక్కల దగ్గర కట్టేసింది కూడా 1976లోనే. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు నష్టం రాకూడదనే. ఆ గడువును తర్వాత 2026 దాటాక వచ్చే మొదటి జనగణన దాకా పొడిగించారు. ఆ జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు కూడా. తెలుగు రాష్ట్రాలు రెండిటికీ కలిపి ఉన్న 42 సీట్ల బరువు ఆ లెక్క తర్వాత ఏమవుతుందని అడగడం న్యాయమైన ప్రశ్నే. కాని దానికి జవాబు ఢిల్లీలో, రాజ్యాంగంలో వెతకాలి. బాలింత మంచం దగ్గర కాదు. ముప్ఫై ఏళ్ల కిందట ఆగమన్న గొంతూ, ఇప్పుడు కనమంటున్న గొంతూ ఒకే చోటినుంచి వస్తున్నాయి, ఒకే మనిషితో మాట్లాడుతున్నాయి. రెండుసార్లూ చేతిలో ఒక రేటు ఉంది.

జనగణనకు వచ్చే టీచరు పెళ్లయిన ప్రతి స్త్రీనీ ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు అని అడుగుతుంది. ఎంతమంది కావాలనుకున్నావమ్మా అని అడగదు, ఆ కాలమ్ అందులో లేదు. కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం అడుగుతుంది. ఆమె చెప్పిన సంఖ్యకు మించి పుట్టినవాళ్లను తీసేసి ‘కోరుకున్న సంతాన సగటు’ అని ఒకటి కడుతుంది. 2019-21లో దేశం మొత్తానికి పుట్టిన సగటు 2.0, కోరుకున్నది 1.6. అంటే దేశం తరిగిపోతోందని మనం గాబరాపడుతున్న ఈ రోజుల్లో కూడా ఆడవాళ్లు తాము కావాలనుకున్నదానికంటే ఎక్కువమందినే కంటున్నారు. సర్వే నివేదికలో ఈ 1.6 లోపలి పేజీల్లో ఒక పట్టికలో ఉంటుంది. ప్రసంగాల్లోకి ఎక్కేది 2.1 ఒక్కటే.